26 నిమిషాల్లో 15 పాటలు: బ్యాడ్ రెలిజియన్ 'సఫర్' రికార్డు మీద కేస్ స్టడీ

మెలోడిక్ హార్డ్‌కోర్ (వరస ఉన్న వేగమైన పంక్) రికార్డు చేద్దామని కూర్చునే బ్యాండ్లన్నీ దాదాపు ఒకే చోట దెబ్బతింటాయి. ప్రాక్టీసు గదిలో పాట బ్రహ్మాండంగా ఉంటుంది. రికార్డు చేసి వింటే డ్రమ్స్, గిటార్లు కలిసి ఒకటే హోరు, పాడిన వరస ఎక్కడో అడుగున. గొంతు పెంచితే గిటార్లు పలచబడతాయి, గిటార్లు పెంచితే స్నేర్ (టక్‌మని మోగే చిన్న డ్రమ్) మాయమవుతుంది, స్నేర్ పెంచితే మళ్లీ గొంతు. ఫేడర్లతో (శబ్దం పెంచే, తగ్గించే మీటలతో) తేలే సమస్య కాదిది. పాట కట్టేటప్పుడే తేలాలి. ఎలా తేలుతుందో చూడటానికి ఈ రికార్డుని మించిన ఉదాహరణ దొరకదు.

అమెరికన్ పంక్ బ్యాండ్ బ్యాడ్ రెలిజియన్ చేసిన 'సఫర్' 1988 సెప్టెంబర్ 8న ఎపిటాఫ్ రికార్డ్స్ నుంచి వచ్చింది. అదే ఏడాది ఏప్రిల్లో హాలీవుడ్‌లోని వెస్ట్‌బీచ్ రికార్డర్స్‌లో రికార్డు చేశారు. గొంతు గ్రెగ్ గ్రాఫిన్, గిటార్లు బ్రెట్ గురెవిట్జ్, గ్రెగ్ హెట్సన్, బేస్ జే బెంట్లీ, డ్రమ్స్ పీట్ ఫైన్‌స్టోన్. 15 పాటలు కలిపి 26 నిమిషాలు, అంటే సగటున పాటకి 1 నిమిషం 44 సెకన్లు. మొదటి పాట 'యూ ఆర్ (ది గవర్నమెంట్)' నిమిషంన్నర కూడా ఉండదు. 'డూ వాట్ యూ వాంట్' నిమిషం దాటి కొన్ని సెకన్లే. ఇంత చిన్న పాటలు, ఇంత వేగం. అయినా ఒకసారి వింటే వరస నోట్లో ఉండిపోతుంది.

కారణం ఒక్క మాటలో చెప్పొచ్చు. ఈ రికార్డులో వేగమంతా డ్రమ్స్‌ది, పాట నెమ్మదిగానే నడుస్తుంది. కచేరీ భాషలో చెప్పాలంటే గాయకుడు మొదటి కాలంలో పాడుతుంటే మృదంగం మూడో కాలంలో పరిగెడుతున్నట్టు. గిటార్లు, హార్మోనీలు (ముందు గొంతుతో కలిసి వేరే స్వరాల్లో పాడే గొంతులు), మిక్స్, పాటల క్రమం అన్నీ ఈ దూరాన్ని కాపాడటానికే పనిచేశాయి. దూరం చెరిగిన చోట మిగిలేది హోరే.

అక్కడిదాకా ఎలా వచ్చారు

బ్యాండ్ 1980లో లాస్ ఏంజెలెస్ శివార్లలో, శాన్ ఫెర్నాండో వ్యాలీలో మొదలైంది. అప్పటికి అందరూ హైస్కూల్ పిల్లలు. 1982లో మొదటి ఆల్బమ్ 'హౌ కుడ్ హెల్ బీ ఎనీ వర్స్?'. 1983లో 'ఇన్‌టు ది అన్‌నోన్' అని కీబోర్డులు నిండిన ప్రోగ్రెసివ్ రాక్ ఆల్బమ్ చేశారు, పంక్ శ్రోతలు ముఖం తిప్పేసుకున్నారు. బ్యాండ్ చెదిరింది. 1985లో 'బ్యాక్ టు ది నోన్' ఈపీతో (చిన్న రికార్డుతో) కొంత తేరుకుని, మూడేళ్ల తర్వాత ఈ రికార్డుతో నిలదొక్కుకున్నారు.

ఆ 1983 ఆల్బమ్ వృథా పోయిందని చాలామంది రాస్తారు. రికార్డింగ్ వైపు నుంచి చూస్తే అది సరైన అంచనా కాదు. పొడుగైన వరసలు, ఒకదాని మీద ఒకటి పేర్చిన గొంతులు, ఊహించని చోట మారే కార్డులు (కలిపి మోగించే స్వరాల గుంపులు), ఇవన్నీ అలాంటి సంగీతం మీద ఉన్న ఇష్టంలోంచే వచ్చాయి. 'సఫర్'లో అవే ఉన్నాయి, నిమిషంన్నరలో ఇమిడేలా కుదించారు. పైగా గ్రాఫిన్ విస్కాన్సిన్‌లో చిన్నప్పుడు స్కూలు క్వాయర్‌లో పాడినవాడు. గురెవిట్జ్ మధ్య ఏళ్లలో రికార్డింగ్ ఇంజనీరుగా పనిచేసి, డానెల్ క్యామరన్‌తో కలిసి వెస్ట్‌బీచ్ నడిపాడు. పాట రాసేవాడే మిక్సింగ్ కన్సోల్ ముందు కూర్చున్నాడన్నమాట. గంటకి ఇంతని డబ్బు కట్టి వేరేవాళ్ల స్టూడియోలో చేసే బ్యాండ్ మొదట తగ్గించుకునేది హార్మోనీలనే. ఇక్కడ ఆ అవసరం రాలేదు.

ఈ దారిలో వీళ్లే మొదటివాళ్లు కాదు. కాలిఫోర్నియాలోనే డిసెండెంట్స్ 1982లో, నెవాడా రీనో నుంచి సెవెన్ సెకండ్స్ 1984లో, వాషింగ్టన్ డీసీ నుంచి డాగ్ నాస్టీ 1986లో వరస ఉన్న హార్డ్‌కోర్ చేసి చూపించారు. 'సఫర్' చేసిందల్లా ఆ పద్ధతిని ఒక కొలతకి తేవడం. తర్వాత వచ్చినవాళ్లు ఆ కొలత పట్టుకునే పనిచేశారు.

వేగం లెక్క

ఈ సంగీతంలో బీపీఎం (నిమిషానికి దెబ్బలు) ఎంతని అడిగితే ఒక్కొక్కరు ఒక్కో అంకె చెబుతారు, ఎందుకంటే దెబ్బని ఎలా లెక్కపెడుతున్నారో ముందు అనుకోరు. ఇక్కడ ఒక కిక్ (కాలితో కొట్టే పెద్ద డ్రమ్), దాని వెంట ఒక స్నేర్ కలిపి ఒక దెబ్బ. ఈ శైలిలో పరుగు పాటలు 190 చుట్టూ తిరుగుతుంటాయి కాబట్టి ఆ అంకె మీదే లెక్క వేద్దాం.

190 దగ్గర ఒక దెబ్బకి 316 మిల్లీసెకన్లు. కిక్‌కి స్నేర్‌కి మధ్య 158. అర దెబ్బకొక అక్షరం చొప్పున పాడితే సెకనుకి 6కి పైన అక్షరాలు పడతాయి. మాట తెగకుండా పలకడానికి దాదాపు అదే గరిష్ఠం. దాన్ని ఇంకా సగం చేసి 79 మిల్లీసెకన్లకొక అక్షరం పెడితే శ్రోతకి మాటలు కాదు, గొణుగుడు వినిపిస్తుంది. అందుకని చరణంలో మాటలు అర దెబ్బ మీద, కోరస్‌లో ఒక దెబ్బ మీదో రెండు దెబ్బల మీదో పడాలి. కార్డు మాత్రం నాలుగు దెబ్బలకోసారి మారితే చాలు. డ్రమ్స్ అటూ ఇటూ పరిగెడుతుంటే కార్డు తాపీగా మారుతుంది, ఆ తాపీ మీద వరస కూర్చుంటుంది.

సాధారణంగా జరిగే తప్పు దీనికి అచ్చం తిరగేసినట్టు ఉంటుంది. వేగంగా ఉండాలి కదా అని గిటారిస్టు రెండు దెబ్బలకోసారి కార్డు మారుస్తాడు. పాడేవాడు అతని వెంటపడతాడు. వరస ముక్కలవుతుంది. డ్రమ్స్ ఆపేసి, గిటార్ ఒక్కటే పట్టుకుని, పాటని సగం వేగంతో జోలపాటలా పాడి చూడండి. అలా పాడినా నిలబడితే అది ఈ శైలికి పనికొచ్చే వరస. నిలబడకపోతే డ్రమ్స్ దాన్ని కాపాడలేవు.

క్లిక్ (కాలం చెప్పడానికి చెవిలో వినిపించే టిక్కు) వాడేటప్పుడు దెబ్బ మీద మాత్రమే పెట్టాలి, అర దెబ్బ మీద వద్దు. అర దెబ్బ క్లిక్ వింటూ కొడితే డ్రమ్మర్ చేతులు బిగుసుకుపోతాయి. చరణం 190 అయితే కోరస్ 192, 193కి ఎక్కించడం మంచిది. మనుషులు ఉత్సాహం వచ్చినప్పుడు సహజంగా అంతే పెరుగుతారు. డ్రమ్స్ సగం వేగానికి పడే చోట క్లిక్ అంకె మార్చకూడదు. కొట్టే తీరు మారుతుంది, కాలం మారదు.

డ్రమ్స్

ముందుగా అలిసిపోయేది కుడి చెయ్యి. హై-హ్యాట్ (జంట తాళాలు) కిక్‌తో ఒకసారి, స్నేర్‌తో ఒకసారి పడుతుంది కాబట్టి నిమిషానికి 380 దెబ్బలు. 1 నిమిషం 44 సెకన్ల పాటకి దాదాపు 660. అయిదు టేకులు తీసుకుంటే 3,300. రోజుకి నాలుగైదు పాటలకన్నా ఎక్కువ పెట్టుకోవద్దనేది అందుకే. చేతులు వేడెక్కిన మొదటి రెండు గంటల్లో పరుగు పాటలు ముగించి, 'వాట్ కెన్ యూ డూ?' లాంటి మధ్యరకం నడకవి సాయంత్రానికి ఉంచాలి. చెయ్యి అలిసిందని డ్రమ్మర్ ఒప్పుకోకముందే రికార్డింగ్ చెప్పేస్తుంది. హ్యాట్, స్నేర్ ఒకేసారి పడకుండా 'టక్' బదులు 'ట్రక్' అని వినిపిస్తుంది. ఆ చప్పుడు వినిపించిన టేకు దగ్గర ఆపేయడమే మేలు, ఎడిట్ చేసి సరిచేయొచ్చని కొనసాగిస్తే మర్నాడు ఇంకెక్కువ పని. ఇంకో మార్గం, చరణంలో హ్యాట్‌ని కిక్‌తో మాత్రమే కొట్టడం. దెబ్బలు సగానికి తగ్గుతాయి, గొంతుకి పైన చోటు దొరుకుతుంది.

స్నేర్‌ని బిగించి, ఎత్తు శ్రుతిలో పెట్టాలి. 14 అంగుళాల డ్రమ్, లోతు 5 నుంచి 6న్నర. రింగు ఎక్కువగా ఉంటే పైచర్మం అంచున చిన్న టేపు ముక్క. ప్రతి స్నేర్ దెబ్బ తర్వాత 158 మిల్లీసెకన్లకి కిక్, 316కి మళ్లీ స్నేర్ వస్తాయి. ఆ లోపల మొదటి దెబ్బ చచ్చిపోవాలి. 1980ల రాక్ రికార్డుల్లో ఉండే సెకనున్నర రివర్బ్ (గది మోత) ఇక్కడ వేస్తే ఒక తోకలో నాలుగైదు దెబ్బలు ఇరుక్కుంటాయి. హోరులో సగం అక్కడ పుడుతుంది. గది శబ్దం కావాలంటే 0.3 సెకన్లు దాటని రూమ్ వేయండి, లేదా అసలు వద్దు.

కిక్ కూడా అంతే. డ్రమ్ లోపల దిండు పెట్టి మోత 100 మిల్లీసెకన్లలో ముగిసేలా చూడాలి. కింద 60–80 హెర్ట్జ్ కొద్దిగా, పైన 3–5 కిలోహెర్ట్జ్ దగ్గర బీటర్ తగిలే చప్పుడు కాస్త ఎక్కువగా. ఇంత వేగంలో కిక్‌ని చెవి ఆ 'టిక్' తోనే పట్టుకుంటుంది.

గిటార్ వదిలేసిన గాంధారం

ఇంత హోరులో హార్మోనీ తేటగా వినపడటానికి అసలు కీలకం గిటార్ వాయించని స్వరంలో ఉంది. పంక్‌లో వాడే పవర్ కార్డులో రెండే స్వరాలు ఉంటాయి, షడ్జమం, పంచమం. మన తంబూరా మీటేవి కూడా ఇవే. గాంధారం లేదు. కార్డు సంతోషంగా ఉందా, దిగులుగా ఉందా అని తేల్చేది గాంధారమే. దాన్ని గిటార్ ఖాళీగా వదిలేస్తే, తేల్చే పని గొంతుకి వస్తుంది. గొంతు అంతర గాంధారం పాడితే మేజర్, సాధారణ గాంధారం పాడితే మైనర్. కార్డు అదే, గిటారిస్టు వేలు కూడా కదపలేదు, భావం మాత్రం మారిపోయింది.

గిటార్ గాంధారం వాయిస్తే ఏం పోతుందంటే, డిస్టార్షన్ (శబ్దాన్ని గరుకుగా వక్రీకరించడం) దాన్ని ఓర్చుకోదు. గిటార్ మెట్లలో పంచమం శుద్ధ స్థానానికి 2 సెంట్ల (సెంటు అంటే అర స్వరంలో నూరో వంతు) తేడాలో ఉంటుంది, వక్రీకరించినా శుభ్రంగా మోగుతుంది. అంతర గాంధారం మాత్రం శుద్ధ స్థానానికి దాదాపు 14 సెంట్లు పైన ఉంటుంది. గెయిన్ (డిస్టార్షన్ మోతాదు) పెంచేకొద్దీ ఆ తేడా గరగరగా, అలలుగా బయటపడుతుంది. గొంతుకి మెట్లు లేవు. చెవి బాగున్న గాయకుడు ఆ 14 సెంట్లు తనకు తెలియకుండానే దిగి శుద్ధ స్థానంలో నిలుస్తాడు. మూడు గొంతులు కలిసినప్పుడు గంట మోగినట్టు వినిపించేది దీనివల్లే. గమనించండి, పిచ్ సరిదిద్దే సాఫ్ట్‌వేర్‌ని గట్టిగా బిగిస్తే గొంతుని మళ్లీ ఆ గిటార్ మెట్టు మీదికే లాక్కెళుతుంది. ఈ శైలిలో హార్మోనీ ట్రాక్‌ల మీద దాన్ని ముట్టుకోకపోవడమే మంచిది.

ఇక పని వివరాలు. ఇద్దరు గిటారిస్టులు ఒక్కొక్కరు రెండుసార్లు వాయిస్తే నాలుగు ట్రాక్‌లు. ఒకరివి ఎడమ చివరికి, ఇంకొకరివి కుడి చివరికి, మధ్య అంతా గొంతుకి, స్నేర్‌కి, బేస్‌కి. గెయిన్ గదిలో పెట్టినదానికన్నా మూడో వంతు తగ్గించాలి. నాలుగు ట్రాక్‌లు కలిసినప్పుడు అదే పెరుగుతుంది. తీగలు 10–46 సెట్ (మందం అంగుళంలో వెయ్యో వంతుల్లో), చెయ్యి బలమైతే 11. పిక్ 0.88 నుంచి 1 మిల్లీమీటరు. ట్యూనర్ ముందు మెల్లగా మీటి శ్రుతి చేసుకుంటే లాభం లేదు. గట్టిగా కొట్టినప్పుడు తీగ సాగి శ్రుతి కాసేపు పైకి పోతుంది. పాటలో ఎంత బలంగా కొడతారో అంత బలంగా కొడుతూనే శ్రుతి చేయాలి, ప్రతి టేకుకీ చూసుకోవాలి. నాలుగైదు పాటలకి తీగలు మార్చాలి. విశాఖ, కాకినాడ లాంటి చోట్ల సముద్రపు గాలికి తుప్పు ఇంకా త్వరగా పడుతుంది కాబట్టి అక్కడి బ్యాండ్లు రెండు సెట్లు ఎక్కువ ఉంచుకోవాలి.

బేస్‌ని పిక్‌తో వాయించాలి. 700 నుంచి 1,000 హెర్ట్జ్ దగ్గర కాస్త పెంచితే చిన్న స్పీకర్లలో కూడా నడక తెలుస్తుంది. కార్డు మారే చివరి దెబ్బలో బేస్ వేసే ఒకటి రెండు దారి స్వరాలు వరసకి ఊతం. ఈ శైలిలో బేస్ గిటార్ వెంట గుడ్డిగా పోతే రికార్డు సగం చచ్చుబడుతుంది.

వంత

బ్యాండ్ తన హార్మోనీలకి పెట్టుకున్న సరదా పేరు 'ఊజిన్ ఆహ్స్', ఊరి కారే 'ఆ'లు అన్నట్టు. మనకి దీనికి ఇంకా మంచి మాట ఉంది, వంత. బుర్రకథలో కథకుడు చరణం చెప్పి వదిలిన కొసని పక్కనున్న ఇద్దరు అందుకుంటారు. కథకుడికి ఊపిరి దొరుకుతుంది, వినేవాడికి మాట దిగుతుంది. 'సఫర్'లో గొంతుల పని కూడా అదే. చరణమంతా గ్రాఫిన్ ఒక్కడే, గొంతు చించుకోకుండా, మాట పోకుండా పాడుకుపోతాడు. వాక్యం కొసన, కోరస్‌లో మిగతావాళ్లు అందుకుంటారు. అందుకునే చోటు ఎంచుకోవడంలోనే నేర్పు. అంతటా వంత ఉంటే ఎక్కడా వంత లేనట్టే.

స్వరాలు ఎంచుకోవడానికి పనికొచ్చే సూత్రం: పైగొంతు వరసకి మూడో స్వరం మీద వెళుతుంది. వరస స మీద ఉంటే గ, రి మీద ఉంటే మ, గ మీద ఉంటే ప. చిక్కొచ్చేది వరస ప మీద నిలిచినప్పుడు. సూత్రం ప్రకారం పైగొంతు ని పాడాలి, కింద గిటార్లు స-ప మోగిస్తుంటే అది గుచ్చుకుంటుంది. అక్కడ ని వదిలేసి పైషడ్జమానికి ఎక్కాలి. అంటే నిలబడే స్వరాల మీద కార్డులో ఉన్నవే, నడిచే స్వరాల మీద మూడోవి. కొత్త బ్యాండ్ల హార్మోనీలు 'ఏదో తేడాగా ఉంది' అనిపించే పదింట తొమ్మిది చోట్ల పొరపాటు ఈ పంచమం దగ్గరే దొరుకుతుంది.

24 ట్రాక్‌ల టేపు మీద ఇలాంటి రికార్డుకి చోటు ఎలా పంచుకోవచ్చో చూడండి. డ్రమ్స్‌కి 9, బేస్‌కి 2, గిటార్లకి 5, ముందు గొంతుకి 2. మిగిలినవి 6. మూడు హార్మోనీ వరసలు, ఒక్కోటి రెండుసార్లు. అంతే. ఇప్పుడు కంప్యూటర్లో ట్రాక్‌లకి లెక్కలేదు కాబట్టి హార్మోనీలు 30 పెట్టేస్తున్నారు. 6 దాటాక గొంతులు విడివిడిగా వినిపించడం మానేసి కీబోర్డు ప్యాడ్‌లా మారతాయి. మనిషి పోతాడు. 6 దగ్గర ఆగండి.

ముందు గొంతు మైకుకి 10–15 సెంటీమీటర్లు, హార్మోనీ 30–45. అందరూ కలిసి అరిచే చోట ఆరుగురినో ఎనిమిదిమందినో మీటరు పైన దూరంలో అర్ధచంద్రంగా నిలబెట్టి ఒకే మైకు. 200 హెర్ట్జ్ కింద హార్మోనీల్లో ఏమీ ఉంచనక్కర్లేదు, మట్టం ముందు గొంతుకి 4–6 డీబీ కింద. ఇంగ్లీషు పాటల్లో పదాలు 'స్', 'ట్' లతో ముగుస్తాయి. ముగ్గురు ఆరుసార్లు పాడితే ఆ 'స్' ఆరుసార్లు చిందినట్టు వినిపిస్తుంది. అందుకే చివరి హల్లు ముందు గొంతుదే. వంతవాళ్లు అచ్చు దగ్గర ఆగిపోవాలి.

మిక్స్, ఆ తర్వాత ఎల్పీ

మాట తెలిసేది 2–4 కిలోహెర్ట్జ్ మధ్య. గిటార్లు కూడా అక్కడే కూర్చోవాలనుకుంటాయి. గిటార్లలో అక్కడ 2–3 డీబీ, 250–400 హెర్ట్జ్ దగ్గర ఇంకో 2–3 తీసేసి, 8 కిలోహెర్ట్జ్ పైన గీర మొత్తం కోసేయాలి. గిటార్ ఒక్కటే వింటే పలచగా అనిపిస్తుంది, కంగారు పడొద్దు. స్నేర్ కంప్రెసర్ (పెద్ద శబ్దాల్ని అణిచే యంత్రం) రిలీజ్, అంటే అణచడం వదిలే సమయం, 50–80 మిల్లీసెకన్లు. అది తర్వాతి దెబ్బకి పూర్తిగా కోలుకోవాలి.

మాస్టరింగ్‌లో (మిక్స్ తర్వాతి చివరి మెరుగులో) లిమిటర్ (శబ్దాన్ని ఒక హద్దు దాటనివ్వని యంత్రం) స్నేర్ కొసల్ని 3 డీబీ కన్నా ఎక్కువ కొరుకుతుంటే, ప్రతి స్నేర్ దెబ్బకీ గొంతు ఒక్కసారి లోపలికి పోయి వస్తుంది. నెమ్మది పాటలో ఇది తెలియదు. ఇక్కడ నిమిషానికి 190 సార్లు జరుగుతుంది. వినేవాడు కారణం చెప్పలేడు, పాట అలసటగా ఉందంటాడు అంతే.

26 నిమిషాలు అంటే ఎల్పీలో ఒక్కో వైపు 13. 12 అంగుళాల ప్లేటుకి నిమిషానికి 33⅓ చుట్ల వేగంలో ఇది చాలా సుఖమైన నిడివి. 18–20 నిమిషాలు దాటితే గాడులు దగ్గరకి జరపాలి, శబ్దం తగ్గించాలి. 13 అయితే గాడుల మధ్య ఎడం ఉంచి గట్టిగా కోయొచ్చు. ఇంకో లాభం, ప్లేటు బయటి అంచున సూది కింద గాడి సెకనుకి దాదాపు 51 సెంటీమీటర్లు కదులుతుంది, లోపలి చివర 21 మాత్రమే. లోపలికి వెళ్లేకొద్దీ 'స్', హై-హ్యాట్ చెదురుతాయి. చిన్న ఆల్బమ్‌కి అంత లోపలిదాకా వెళ్లాల్సిన పనే లేదు. 40 నిమిషాలు నింపాలని బలహీనమైన పాటలు చేర్చే బ్యాండ్లు రెండు విధాలా నష్టపోతాయి.

పాటకీ పాటకీ మధ్య 4 సెకన్లు వదిలితే 15 పాటల రికార్డులో దాదాపు నిమిషం నిశ్శబ్దమే ఉంటుంది, 'డూ వాట్ యూ వాంట్' అంత. 1 నుంచి 2 సెకన్లు చాలు. పక్కపక్క పాటలు ఒకే శ్రుతిలో, ఒకే వేగంలో పడకుండా చూసుకోవాలి, లేకపోతే మూడో పాట ఎక్కడ మొదలైందో తెలియదు.

ఈ కొలతలు ఎంత గట్టివో తర్వాత తేలింది. అదే అయిదుగురు అదే వెస్ట్‌బీచ్‌లో 1989లో 'నో కంట్రోల్', 1990లో 'అగైన్స్ట్ ది గ్రెయిన్' చేశారు. ఈ మూడు రికార్డుల కొలతల మీదే ఆ తరువాతి దశకపు స్కేట్ పంక్ (ఈ తరహా వేగమైన పంక్) చాలావరకు నడిచింది.

తెలుగులో కడితే

'సఫర్' మాటలు బరువైనవి. భూగర్భ శాస్త్రం చదువుకున్న గ్రాఫిన్ ఒక పాట పేరులోనే సూచక శిలాజం అన్న మాట పెట్టాడు. బరువైన మాటలు వేగంలో నిలవడానికి కారణం వాటి ఊనిక డ్రమ్స్ దెబ్బతో కలవడం. తెలుగుకి ఇంగ్లీషు ఊనిక లేదు, గురువు, లఘువు ఉన్నాయి. అది మనకి అడ్డంకి అనుకుంటారు. లెక్క వేస్తే అనుకూలమే.

లఘువుకి అర దెబ్బ, గురువుకి పూర్తి దెబ్బ ఇద్దాం. బేసి మాత్రల మీద కిక్, సరి మాత్రల మీద స్నేర్ పడుతుంది. రెండు పాదాలు చూడండి, రెండింటికీ 16 మాత్రలే, 190 దగ్గర రెండూ రెండున్నర సెకన్లే.

తరగతి గదులకు వెలుపల నిలబడి
వానకు తడిసిన గోడల మీదా

మొదటి దాంట్లో 16 లఘువులు. సెకనుకి 6కి పైన అక్షరాలు, సరిగ్గా గరిష్ఠం మీద. అందులో 8 అక్షరాలు, ర, తి, దు, కు, లు, ల, ల, డి, స్నేర్ కింద పుడతాయి. స్నేర్ కొట్టిన క్షణంలో పుట్టే హల్లు చెవికి అందదు. వినేవాడికి చేరేది 'త-గ-గ-ల' లాంటిదేదో. రెండో దాంట్లో 12 అక్షరాలే. వా, గో, మీ, దా కిక్ మీద పుట్టి, స్నేర్ కొట్టేసరికి సాగుతున్న అచ్చుగా ఉంటాయి. అచ్చుని స్నేర్ చెరపలేదు. దెబ్బ కింద పడే హల్లులు నాలుగుకి తగ్గాయి, కు, డి, న, ల. మాట తెలుస్తుంది.

ద్విత్వాక్షరాలు ఇంకా మంచి స్నేహితులు. 'చప్పుడు' తీసుకోండి. 'చ' కిక్ మీద మొదలవుతుంది, 'ప్ప' కోసం పెదవులు మూసిన ఆ చిన్న మౌనంలో స్నేర్ పడుతుంది, తెరిస్తే 'పు' మళ్లీ కిక్ మీద. గొంతు ఆగిన చోటే డ్రమ్ మోగింది. ఇద్దరూ ఒకరికొకరు దారి ఇచ్చుకున్నట్టు ఉంటుంది. పాట రాసేటప్పుడు 'అప్పుడు, మెట్టు, గుక్క, రెక్క, నెత్తురు' లాంటి మాటల్ని పాదం మధ్యలో వెతికి పెట్టుకోవాలి. వరసగా నాలుగు లఘువులు వచ్చే మాటలు పాదానికి ఒకటికి మించకుండా చూసుకోవాలి.

వంతకి కూడా మన భాష కలిసొస్తుంది. పాదాలు అచ్చుతోనే ముగుస్తాయి కాబట్టి ఆరుసార్లు చిందే 'స్' బాధే లేదు. 'మీదా' దగ్గర ముందు గొంతు స మీద, పైగొంతు గ మీద, కిందిగొంతు మంద్ర ప మీద నిలబడి 'ఆ' పట్టుకుంటే చాలు. ఒక్కటే జాగ్రత్త, ఎక్కడ ఆపాలో ముందే అంకెతో అనుకోవాలి. 'ఆపేద్దాంలే' అనుకుంటే ముగ్గురూ మూడు చోట్ల ఆపుతారు, ఆ చిరుగు రికార్డులో ప్రతి కోరస్‌కీ వినిపిస్తుంది. 'దా' కిక్ మీద మొదలైతే, అక్కడి నుంచి ఎనిమిది దెబ్బలు పట్టుకుని, తొమ్మిదో కిక్ మీద ముగ్గురూ నోరు మూయాలి. రికార్డు చేసేటప్పుడు ఒకరు చెయ్యెత్తి ఆ దెబ్బ మీద దించితే మొదటి టేకులోనే సరిపోతుంది.